ఆయాసమెల్ల వార్ధకము గాదు

సోదరీమణులారా! నెలనెలయు నీ పుటలయందు గృహిణుల కుపయోగపడు ఆరోగ్యవిషయము నొకదానిని ముచ్చటించుకొనుచున్నాము. ఈ మాసమున హృదయకవాటమునకు వచ్చు నొక వ్యాధిని గూర్చి చెప్పదలచితిమి. హృద్రోగమనగానే మనలో పెక్కండ్రు "అది మగవారి జబ్బు, ఉన్నట్టుండి నొప్పి వచ్చి పడిపోవుదురు" అని తలంతురు. ఇప్పుడు చెప్పబోవునది యట్లు వచ్చునది గాదు. ఇది యేండ్ల తరబడి మెల్లమెల్లగా ముదురును. తొలుత గురుతే కానరాదు. పిమ్మట ఆయాసము పొడసూపును. ఆ యాయాసమును వార్ధకమని యింటివారును రోగియు గూడ త్రోసివేయుటచేతనే ముప్పు వాటిల్లుచున్నది.

హైదరాబాదు పాతనగరమున యాకుత్‌పురా వంటి పేటలను చూచినవారికి అచ్చటి సంసారముల తీరు తెలియును. ఇరుకు గల్లీలు, ఒకదాని నొకటి యానుకొన్న మేడలు, నిలువు మెట్లు, ఒక్కొక్క యింట మూడు తరములవారు. అరువదియైదేండ్ల నానమ్మయో, దాదీమాయో తడిబట్టల బుట్టతో మేడ యెక్కుచు నడిమెట్టుపై నిలిచి రొప్పినచో, "పెద్దతనము గదా, మెల్లగా రండి" అని కోడలు బుట్ట నందుకొనును. అది మంచి కోడలు చేయవలసిన పనియే. కొన్నాళ్లకు ఆమె మేడ యెక్కుట మానును. మరికొన్నాళ్లకు బజారునకు బోవుట మానును. చివరకు వంటయింటికిని మంచమునకును నడుమ మాత్రమే తిరుగును. అప్పుడు వైద్యుడు "ఆయాసము కలదా?" యని యడిగినచో "లేదు బాబూ, ఇప్పుడు బాగుగనే యున్నది" యని చెప్పును. ఆమె చెప్పినది అబద్ధము గాదు. నడక తగ్గినది గనుక ఆయాసము కానరాదు. లోపలి రోగము మాత్రము పెరుగుచునే యుండును. కావున ఇంటి స్త్రీలు గమనింపవలసినది ఆయాసమును మాత్రమే గాదు. నిరుడు చేసిన యే పనిని ఈ యేడు పెద్దవారు మానివేసిరో దానిని గూడ గమనింపవలెను.

ఇక వ్యాధి యెట్టిదో చూతము. మన హృదయము దినమునకు ఇంచుమించు లక్షమారులు కొట్టుకొనును. దాని యెడమ క్రిందిగదినుండి బృహద్ధమని యను పెద్ద రక్తనాళము బయలుదేరి దేహమంతటికి నెత్తురు నందించును. ఆ ద్వారమున మూడు పలుచని రేకులు గల కవాటము కలదు. గది ముడుచుకొన్నప్పుడు రేకులు తెరచుకొని నెత్తురును పోనిచ్చును. గది సడలినప్పుడు మూసికొని దానిని వెనుకకు రానీయవు. ఆరోగ్యవంతులకు ఈ ద్వారము 3 మొదలు 4 చదరపు సెంటీమీటర్ల వరకు తెరచుకొనును. రోజూ ఉప్పునీళ్లు కాచు పాత్రలో తెల్లని పొర గట్టిపడినట్లు, ఈ రేకులపై సున్నపు పదార్థము పేరుకొని అవి బిరుసెక్కినచో ద్వారము ఇరుకగును. 1 చదరపు సెంటీమీటరునకు దిగినచో వ్యాధి తీవ్రమైనదని వైద్యులందురు. దీనినే బృహద్ధమనీ కవాట సంకోచమని చెప్పవచ్చును. ఇరుకుసందున నెత్తురును నెట్టి నెట్టి గుండెకండ దళసరియగును, తుదకు అలసిపోవును.

కారణములు ముఖ్యముగా మూడు. వయస్సుతో రేకులపై సున్నము పేరుకొనుట మొదటిది. పుట్టుకతోనే మూడింటికి మారు రెండు రేకులే యుండుట రెండవది; నూటికి ఒకరిద్దరి కిట్లుండును, వారికి వ్యాధి ముందుగా వచ్చును. చిన్ననాట గొంతునొప్పి వెనుక వచ్చు కీళ్లవాత జ్వరము మూడవది. ఇది మన దేశమున నింకను పోలేదు. వ్యాధి తీవ్రమైన పిమ్మట కానవచ్చు లక్షణములును మూడు: శ్రమపడినప్పుడు ఆయాసము, ఛాతీలో బిగువు లేక నొప్పి, కన్నులు చీకట్లు గ్రమ్మి స్పృహ తప్పుట. 1968లో అమెరికా వైద్యులు జాన్ రాస్, యూజీన్ బ్రౌన్‌వాల్డ్ అనువారు లెక్క వేసి చూడగా, చికిత్స లేనిచో నొప్పి మొదలైనవారు సగటున 5 ఏండ్లు, స్పృహ తప్పినవారు 3 ఏండ్లు, గుండె యలసి ఆయాసము పట్టినవారు 2 ఏండ్లు మాత్రమే జీవించుచుండిరని తేలెను. వార్ధకమని మనము త్రోసివేయు లక్షణమునకే గడువు తక్కువ యని గ్రహింపుడు.

ఈ వ్యాధిని పట్టు సాధనములలో మొదటిది స్టెతస్కోపు. దాని పుట్టుక స్త్రీల కాసక్తి గొల్పునది. 1816లో పారిసు నగరమున లెన్నెక్ అను వైద్యునికడకు గుండెజబ్బుతో నొక యువతి వచ్చెను. ఆ కాలమున రోగి యెదపై నేరుగా చెవి నాన్చి వినెడివారు. పరస్త్రీ యెడ అది మర్యాద గాదని తలచి యాతడు కాగితమును గొట్టముగా చుట్టి దాని గుండ వినెను. చప్పుడు మునుపటికంటె స్పష్టముగా వినవచ్చెను. స్త్రీ మర్యాదకై పుట్టిన పరికరమే నేడు లోకమునందలి వైద్యులందరి మెడలయందు వ్రేలాడుచున్నది. ఘోషాపాటించు ఇండ్లవారును సంకోచింప బనిలేదు. ఇరుకు కవాటము చేయు చప్పుడు ఛాతీ పైభాగమున కుడిప్రక్కను, మెడయందును గూడ వినబడును. స్త్రీ వైద్యులును నేడు విరివిగా నున్నారు.

అయినను చెవి యొక్కటియే చాలదు. ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డ్ ప్రాంతమున 65 ఏండ్లు దాటిన 2,500 మందిని పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. అంతకుముందు తమకు కవాటదోషము కలదని యెరుగనివారే యందరును. అందు నూటికి ఆరుగురికంటె నెక్కువమందికి ఏదో యొక కవాటమున మధ్యమమో తీవ్రమో యగు దోషము బయటపడెను. పిదప స్టెతస్కోపుతో విని చూడగా అట్టి దోషము సగముమందిలోనైనను పట్టువడలేదు. కావున ఆయాసము వీడనిచో "చప్పు డేమియు లేదు" అన్న మాటతో తృప్తి పడక ఎకో పరీక్ష చేయించుట మంచిది.

ఎకో పరీక్షయందు సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు. చెవికి వినరాని ధ్వనితరంగములను ఛాతీమీదుగా పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనివలన కవాటపు కదలికను తెరపై చూతురు. స్వీడనునందలి ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు 1953లో దీనికి నాంది పలికిరి. అయితే ద్వారము ఎంత యిరుకైనదో కొలుచుటకు మాత్రము పిమ్మటను చాలకాలము వరకు గుండెలోనికే సన్నని గొట్టమును పంపవలసి యుండెను. ఆ బాధను తప్పించినవారిలో ముఖ్యురాలు నార్వే దేశపు స్త్రీ వైద్యురాలు లీవ్ హాట్లే. గొట్టపు మూతిని వ్రేలితో నొక్కినచో నీరు వేగముగా చిమ్మును గదా! ఇరుకు కవాటమునుండి నెత్తురును అట్లే వడిగా దూకును. ఆ వేగమును బయటినుండియే కొలిచి, దానిని దానితోనే గుణించి, నాలుగింతలు చేసినచో లోపలి యొత్తిడి తెలియునని ఆమె తన తోడివారితో గూడి 1980 ప్రాంతమున చూపెను. సెకండునకు 4 మీటర్ల వేగమైనచో 64 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి యన్నమాట. 4 మీటర్లు దాటినచో వ్యాధి తీవ్రమని నేటికిని ఆ లెక్కతోడనే నిర్ణయించుచున్నారు.

ఇక్కడ మన సోదరీమణులు తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. ఎకోయందు సందేహము మిగిలినచో సి.టి. పరీక్షచే కవాటమున పేరుకొన్న సున్నమును లెక్కింతురు. పురుషులకును స్త్రీలకును ఒకే కొలత చాలునని మొదట తలచిరి. పరిశోధించి చూడగా, స్త్రీల కవాటములు తక్కువ సున్నముతోనే బిగుసుకొని పోవుచున్నట్లు తెలిసెను. వారియందు నారవంటి పదార్థము ఎక్కువగా పెరుగును. అందుచే పురుషునికి 2,000 అంకెల వద్ద తీవ్రమని తలచు వ్యాధిని స్త్రీకి 1,200 వద్దనే తీవ్రముగా నెంచవలెనని వైద్యసంఘములు నియమము చేసినవి. పురుషుని కొలతతో కొలిచినచో స్త్రీ రోగము స్వల్పమని కనబడును. ఇంటిలో "పెద్దతనము" అను మాట చేయు హాని యెట్టిదో, ఆసుపత్రిలో తప్పుకొలత చేయు హానియు నట్టిదే. స్త్రీలకు ఈ చికిత్స పురుషులకంటె ఆలస్యముగా నందుచున్నదని పలుదేశముల పరిశీలనలలో వెల్లడియైనది.

కనిపెట్టితిమి సరే, బిగిసిన తలుపును బాగుచేయుట యెట్లు? ఈ ప్రశ్నను మొట్టమొదట ధైర్యముగా నడిగినవారిలో నొకడు మన నగరమునకు వచ్చినవాడే. 1888లో హైదరాబాదున క్లోరోఫారము మత్తు గుండెను చంపునా, శ్వాసను చంపునా యని పరిశోధించుటకు ఎడ్వర్డ్ లారీ యను వైద్యుని చొరవతో నొక సంఘ మేర్పడెను. దాని తీర్పును సీమవైద్యులు నమ్మకపోగా, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము సొమ్ము నిచ్చి 1889లో రెండవ సంఘమును సమకూర్చెను. లండనునుండి లాన్సెట్ అను వైద్యపత్రిక సర్ లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని పంపెను. ఆ దినములలోనే హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తువైద్యమున పేరొంది, లోకమున నా వృత్తి చేపట్టిన తొలి స్త్రీలలో నొకతెగా కీర్తి గాంచెను. వందలకొలది జంతువులపై పరీక్షలు జరిపి, క్లోరోఫారము ముందుగా శ్వాసనే యాపునని సంఘము తీర్పు చెప్పెను. అది పూర్తి సత్యము గాదని, ఆ మందు నేరుగా గుండెనే తడబరచి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ యను నాతడు నిరూపించెను. పరిశోధన యనగా నిట్టిది. నేటి తీర్పును రేపటి పరీక్ష సవరించుచుండును.

ఆ బ్రంటనే 1902లో లాన్సెట్ పత్రికయందు, ఇరుకైన హృదయకవాటమును శస్త్రముతో తెరువవచ్చునేమో యని వ్రాసెను. ఆయన చెప్పినది బృహద్ధమనీ కవాటమును గూర్చి గాదు. గుండెలోనే రెండు గదుల నడుమ నుండు మిట్రల్ కవాటమును గూర్చి. గుండెను కోయుటయా యని సాటివైద్యులు మండిపడిరి. కాని భావము నిలిచెను. 1912లో పారిసున టఫియే యను శస్త్రవైద్యుడు బృహద్ధమని గోడను వ్రేలితో లోనికి నొక్కి, బిగిసిన కవాటమును సాగదీసెను; ఆ రోగి బ్రదికెను. గుండె నాపి పనిచేయుటకు వీలుగా గుండె ఊపిరితిత్తుల పనిని చేయు యంత్రము 1953లో వచ్చినది. 1960లో బోస్టనునందు డ్వైట్ హార్కెన్ పాడైన కవాటమును తీసి దానిచోటనే కృత్రిమ కవాటమును అమర్చెను. మన దేశమున తిరువనంతపురమునందలి శ్రీచిత్రా తిరునాళ్ సంస్థయందు డాక్టరు వలియత్తాన్ నాయకత్వమున చిత్రా కవాటమును నిర్మించిరి. 1990 డిసెంబరులో తొలిసారి రోగి కమర్చిన యా కవాటము విదేశపు కవాటములకంటె చౌకయై వేనవేల బీదల నాదుకొనినది.

ఎదను కోయుటకు తాళలేని వృద్ధుల గతి యేమి? ఫ్రాన్సు దేశమున రువాఁ నగరపు వైద్యుడు ఆలాఁ క్రిబియే 1985లో తొడలోని రక్తనాళము గుండ బెలూనును పంపి కవాటమును విప్పిచూచెను. కొన్ని నెలలలోనే అది మరల ముడుచుకొనుచుండెను. ఆతడు విడువక కృషి చేసి, 2002 ఏప్రిలు 16న మడిచిన కవాటమునే గొట్టము గుండ పంపి, లోపల విప్పి, అచ్చటనే యమర్చెను. దీనినే నేడు టావీ యందురు.

కొత్త చికిత్స వచ్చినంతనే నమ్మరాదు; పోల్చి చూడవలెను. అందులకై సమ్మతించిన రోగులను చీటీలు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమునకు పాతపద్ధతియు నింకొక భాగమునకు క్రొత్తపద్ధతియు జరుపుదురు. వైద్యుని యిష్టమునకు గాని ధనవంతుల పలుకుబడికి గాని అందు తావు లేదు. శస్త్రచికిత్సకు పనికిరారని తేల్చిన 358 మందితో జరిగిన పార్ట్‌నర్ పరిశోధన 2010లో వెలువడెను. ఏడాదిలో పాతపద్ధతివారిలో నూటికి సుమారు 51 మంది చనిపోగా, టావీ చేయించుకొన్నవారిలో 31 మంది చనిపోయిరి. పక్షవాతము మాత్రము టావీవారి కెక్కువగా వచ్చెను. లాభనష్టములను రెంటిని దాచక చెప్పుటయే పరిశోధనకు శోభ.

మందులతో నయము గాదా యని మీరడుగుదురు. కొలెస్ట్రాలు తగ్గించు మాత్రలు ఈ వ్యాధి నాపునేమో యని 1,873 మందిపై పరీక్షించి 2008లో ఫలితము ప్రకటించిరి. కొలెస్ట్రాలు తగ్గెను గాని కవాటపు బిగువు పెరుగుట ఆగలేదు. హకీముగారి మాజూను గాని, లేహ్యము గాని, ఇంగ్లీషు మాత్ర గాని బిగిసిన కవాటమును తెరచునని నేటివరకు నే పరిశోధనయందును రుజువు కాలేదు. మందులు ఆయాసమును కొంత తగ్గింపవచ్చును, తలుపును తెరువజాలవు. అందుచే మందులతో కాలము గడపుట ప్రమాదము.

ఇటీవల స్త్రీలతో మాత్రమే జరిపిన పరిశోధన యొకటి ముఖ్యముగా చెప్పదగియున్నది. రియా యను నా పరిశోధనయందు ఐరోపాలోని 443 మంది స్త్రీలను, కొందరికి టావీయు కొందరికి శస్త్రచికిత్సయు చేసి పోల్చిరి. 2025లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, మరణమో, పక్షవాతమో, కవాటపు బాధతో తిరిగి ఆసుపత్రి చేరుటయో ఏడాదిలో టావీవారిలో నూటికి 9 మందికిని, శస్త్రచికిత్సవారిలో సుమారు 16 మందికిని సంభవించెను. గుండెవేగమును నిలుపు పేస్‌మేకరు అవసరము మాత్రము టావీవారిలో నెక్కువ. ఇది యొక్క యేటి లెక్క. వయస్సు మీరినవారికే యెక్కువగా వర్తించును. చిన్నవయస్సువారికి పెక్కేండ్లు మన్నునట్టి శస్త్రచికిత్సయే తగినదని వైద్యులు చెప్పుదురు.

లక్షణములు లేని తీవ్రవ్యాధి కలవారిని గూర్చి 2024లో 901 మందితో జరిగిన పరిశోధన వెలువడెను. వెంటనే కవాటము మార్చినవారిలో నూటికి 27 మందికిని, కనిపెట్టుచు నూరకున్నవారిలో 45 మందికిని మరణమో, పక్షవాతమో, అనుకోకుండ ఆసుపత్రిలో చేరుటయో జరిగెను. మరణములలో రెండు పక్షములకు భేదము స్వల్పమే. ఆసుపత్రి పాలగుటయందే యెక్కువ తేడా కానవచ్చెను. ఊరకున్నవారిలోను పదింట ఎనమండ్రుగురికి పైగా తరువాత కవాటము మార్పించుకొనవలసియే వచ్చెను. "బాధ లేదు గదా, చూతములే" యను మాటకు కాలము దాటిపోవుచున్నది.

ఇక గృహిణులు చేయవలసినవి చెప్పుదము.

1. ఇంట అరువదియేండ్లు దాటినవారెవరైనను మెట్లెక్కుట, నీళ్లు మోయుట, గుడికో మసీదుకో నడచిపోవుట మానివేసినచో కారణ మడుగుడు. "ఎందుకు మానితివి అత్తమ్మా?" యని ప్రేమతో నడిగినచో నిజము బయటపడును.

2. వైద్యునికడకు పోయినప్పుడు రోగితో గూడ మీరును వెళ్లి, ఆమె మానివేసిన పనులను మీరే చెప్పుడు. "కవాటము నుండి చప్పుడు వినబడుచున్నదా? ఎకో వలయునా?" యని యడుగుటకు వెనుదీయకుడు. ఎకో కాగితమున కవాటవైశాల్యము, నెత్తుటి వేగము వ్రాయుదురు; ఆ కాగితమును భద్రముగా దాచి మరుసటియేటి దానితో పోల్చి చూపుడు.

3. శ్రమపడుచుండగా స్పృహ తప్పినచో "వేడి చేసినది" యని మజ్జిగ యిచ్చి ఊరకుండరాదు. ఆనాడే ఆసుపత్రికి తీసికొనిపొండు. తీవ్రవ్యాధి కలదని తెలిసినవారు వైద్యుని యడుగక కఠిన ఉపవాసములు, రోజాలు పట్టరాదు. ఒంటిలో నీరు తగ్గినచో వారికి కీడు. రక్తపోటు మాత్రలను తమంతట తాము పెంచుకొనరాదు.

4. పిల్లలకు జ్వరముతో గొంతునొప్పి వచ్చినచో తగిన చికిత్స చేయింపుడు. కీళ్లవాత జ్వరము వచ్చిన బిడ్డకు 3 లేక 4 వారముల కొకసారి ఇచ్చు పెన్సిలిన్ సూదిమందును, బిడ్డ బాగుగ నున్నాడని నడుమ మానరాదు.

5. లోహపు కవాటము అమర్చినవారు నెత్తురు గడ్డకట్టకుండుటకు జీవితాంతము మందు వాడి, తరచు రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆ మందు గర్భస్థ శిశువునకు హాని చేయగలదు. కావున పెండ్లీడు పిల్లలకును, పిల్లలు కావలెనని కోరువారికిని ఏ కవాటము తగునో ముందుగనే వైద్యునితో మాటలాడుకొనవలెను.

ఖర్చును గూర్చిన భయము సహజమే. టావీకి పలు లక్షలగును. గుజరాతునందలి వాపిలో మెరిల్ సంస్థ చేసిన మైవాల్ కవాటమునకు 2018లో మన దేశమున అనుమతి లభించెను. దానిని పరదేశపు కవాటములతో 768 మందియందు పోల్చి చూడగా వానికి తీసిపోదని 2024లో తేలినది. స్వదేశపు పోటీ ధరలకు కళ్లెము వేయునని యాశింపవచ్చును. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకమున శస్త్రచికిత్సతో కవాటము మార్చుట చేరియున్నది; తెలంగాణమున 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. టావీ కోరువారు అది తమకు వర్తించునో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి తెలిసికొనవలెను. యాకుత్‌పురావారికి మూసీ యొడ్డునగల ఉస్మానియా ఆసుపత్రియు, పంజాగుట్టలోని నిమ్సును దూరమైనవి గావు.

సోదరీమణులారా! ఇంటిల్లిపాదికిని వేళకు వండిపెట్టి, అందరి జ్వరములను కనిపెట్టి, తన యాయాసమును మాత్రము కొంగుచాటున దాచుకొను స్త్రీలు ప్రతి గల్లీలోను కలరు. వారు తమంతట తాము చెప్పరు, మనమే యడుగవలెను. ఈ సంచిక చదివి ముగించినంతనే మీ యింటి పెద్దమ్మను పిలిచి, నిరుటివలె మేడ యెక్కగలుగుచున్నదేమో కనుగొనుడు.